నడకను కూడా నిరాకరిస్తారా?

హెచ్.ఐ.వి. సోకినవారికి ప్రభుత్వం ఉచితంగా మందులివ్వటం 2004 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. తొలి విడత రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ మాత్రలు మానకుండా వేసుకునేవారు ఏళ్ల తరబడి బతికి, తమ పనులు తాము చేసుకుంటున్నారు. అయితే వారిలో కొందరిని తుంటి జబ్బు మంచాన పడవేస్తున్నది.

తొడ ఎముక పైభాగాన బంతివంటి తల ఉంటుంది. దానికి రక్తం అందకపోతే ఎముక చచ్చిపడి, క్రమంగా కుంగిపోతుంది. మొదట గజ్జలో నొప్పి, తర్వాత కుంటు, చివరకు అడుగు వేయలేని దుస్థితి. హెచ్.ఐ.వి. ఉన్నవారిలో ఇది ఇతరులకన్నా ఎక్కువ. స్టెరాయిడ్ మందులు, అతిగా తాగుడు దీనికి తోడవుతాయి. తొలిదశలో ఎక్స్‌రేలో కనపడకపోయినా ఎం.ఆర్.ఐ. పరీక్షలో బయటపడుతుంది.

తల కుంగకముందే గుర్తిస్తే ఎముకకు రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్ కొందరికి పనికివస్తుంది. కుంగిపోతే కీలు మార్చవలసిందే. వ్యాధి ముదిరి, సి.డి.4 కణాలు 200 కన్నా తగ్గినవారికి సైతం దారి మూసుకుపోలేదు. ముందు మందులతో వైరస్‌ను అదుపుచేసి, ఒంట్లో శక్తి పుంజుకున్నాక ఆపరేషన్ చేస్తే చీము పట్టే ప్రమాదం తగ్గుతుంది. మంచం పట్టినవారు తిరిగి నడవగలుగుతారు.

చిక్కల్లా రక్తపరీక్ష కాగితం చూడగానే రోగిని మరో ఆసుపత్రికి తరిమే ధోరణితోనే. ఇది చట్టవిరుద్ధం. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్న హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ప్రకారం ఈ కారణంతో వైద్యం నిరాకరించరాదు. ఫిర్యాదులు వినటానికి రాష్ట్రంలో అంబుడ్స్‌మన్‌ను నియమించాలని కూడా ఆ చట్టమే చెబుతున్నది.

వైద్య సిబ్బంది భయం అర్థం లేనిది కాదు. ఆపరేషన్‌లో సూది గుచ్చుకోవచ్చు. కాని చేతి తొడుగులు, కళ్లద్దాలు ఉన్నాయి. గుచ్చుకున్నా వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడవలసిన మందులున్నాయి. వాటిని ఆపరేషన్ గదిలో సిద్ధంగా ఉంచటం అధికారుల బాధ్యత. ఆ పని చేయకుండా డాక్టర్లను మాత్రమే నిందించటం న్యాయం కాదు.

మందులిచ్చే ఏ.ఆర్.టి. కేంద్రాలలో తుంటి నొప్పి గురించి ప్రతి రోగినీ అడగాలి. జిల్లా ఆసుపత్రిలో ఎముకల డాక్టరుకు చూపించే ఏర్పాటు ఉండాలి. రోగులు నొప్పిని దాచుకోరాదు, మాత్రలు మానరాదు. ఇరుగుపొరుగు వారు కుంటును చూసి గుసగుసలు మాని, ఆసుపత్రి దాకా తోడు వెళ్లటం మంచిది. ప్రాణం నిలబెట్టిన ప్రభుత్వం ఆ మనిషిని కాళ్లమీద కూడా నిలబెట్టాలి.