బెర్లినునకు గగనపథము
1948 జూన్ 24వ తేదీన సోవియట్ ప్రభుత్వము పశ్చిమ బెర్లినునకు పోవు రైలు, రోడ్డు, జలమార్గములను మూసివేసినప్పుడు, 20 లక్షలకు పైబడిన జనమును విమానములతో పోషింపవచ్చునని నమ్మినవారు పాశ్చాత్య సేనానులలో సైతము మిక్కిలి అరుదు. నేలమీది మార్గములకు వ్రాతపూర్వకమగు ఒడంబడిక లేకపోయినను, మూడు గగనపథములకు మాత్రము 1945 నవంబరులోనే బెర్లినును పంచుకొని ఏలుచుండిన నాలుగు రాజ్యములును సమ్మతించి యుండుటచే, విమానమును కూల్చినచో యుద్ధారంభదోషము మాస్కో తలపైననే పడును. ఈ యుపాయము నందలి రాజనీతి యంతయు ఇందే కలదని నా తలంపు. బాలలకై జారవిడిచిన మిఠాయిలను గూర్చి పత్రికలు మురిసి వ్రాసినవి, వ్రాయుగాక. కాని మొత్తము చేరవేసిన సుమారు 23 లక్షల టన్నులలో మూడింట రెండు వంతులు బొగ్గే! లోగడ అస్సామునుండి హిమాలయములమీదుగా చైనాకు సరకు పంపించిన టన్నర్ సేనాని, ఇచ్చట వైమానికుల సాహసమును మెచ్చుటకు మారుగా, మూడేసి నిమిషముల కొక విమానము నడచునట్లు కట్టడిచేసి, తొలి యత్నమున దిగజాలనిదానిని, ఎంతటి నేర్పరి నడపుచున్నను, మరల చుట్టి రానీయక, సరకుతోడనే వెనుకకు మరలించెను. 1949 మే 12న దిగ్బంధము తొలగినను, మార్గములు మరల మూతపడునేమో యను శంకతో, సెప్టెంబరు నెలాఖరు వరకు విమానములు సరకు మోయుచునే యుండెను.