పొరుగువాని చెవిలో మన పాట

ప్రార్థనా స్థలాల మైకుల మీద కోర్టు ఏదైనా ఉత్తర్వు ఇచ్చినప్పుడల్లా మన మధ్య రెండు రకాల మాటలు వినిపిస్తాయి. అది మసీదు గురించి అయితే "మంచి పని జరిగింది" అంటారు కొందరు. చర్చి గురించి అయితే ఆ కొందరే "ఇదిగో, శ్రమల కాలం" అంటారు. 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు, కుర్లా ప్రాంతపు నివాస సంఘాల ఫిర్యాదు మీద తీర్పు చెబుతూ, లౌడ్‌స్పీకరు వాడడం ఏ మతానికీ తప్పనిసరి ఆచారం కాదన్నది. ఫిర్యాదు చేసినవారి పేరు బయటపెట్టకుండా పోలీసులు చర్య తీసుకోవాలని కూడా ఆదేశించింది. ఆ రెండో మాట దగ్గర మనం కాస్త ఆగాలి. పేరు దాచమని కోర్టు చెప్పవలసి వచ్చిందంటే, బాధపడేవాడు ఆ బాధ చెప్పుకోవడానికి కూడా జంకుతున్నాడన్నమాట. మన మందిరం పక్కింటివారు ఇన్నేళ్లుగా ఏమీ అనలేదు గనుక వారికి ఇబ్బంది లేదని తీర్మానించుకోకూడదు.

ఈ విషయంలో దేశమంతా ఉదహరించే తీర్పుల్లో ఒకటి మనవారి కేసులోనే వచ్చిందని చాలామంది విశ్వాసులకు తెలియదు. చెన్నైలో ఒక పెంతెకొస్తు సంఘం డ్రమ్స్, మైకులతో ఆరాధన చేస్తుంటే ఆ కాలనీ సంక్షేమ సంఘం కోర్టుకెళ్లింది. గోల అంతా మాది కాదు, రోడ్డు మీది వాహనాలది కూడా అని సంఘం వాదించింది. కొలిచి చూసినప్పుడు ఆ మాటలో నిజం ఉందనే తేలింది. అయినా 2000 ఆగస్టు 30న సుప్రీంకోర్టు సంఘం అప్పీలును కొట్టివేసింది. ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ బోధించదన్నది దాని సారాంశం. దానిని మనం చదవవలసింది కోపంతో కాదు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, మన శబ్దం ఎంత పెద్దదో తేల్చుకోవడానికి మన చెవులు పనికిరావు. ఇది భక్తికి సంబంధించిన మాట కాదు, చెవి నిర్మాణానికి సంబంధించిన మాట.

సౌండు చూసే తమ్ముడికీ పక్కింటి పెద్దాయనకూ జరిగే వాదన తీసుకోండి. "తగ్గించానండీ" అంటాడు తమ్ముడు. "ఏం తగ్గించావు, అలాగే ఉందిగా" అంటాడాయన. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. స్పీకర్లకు వెళ్లే శక్తిని సగానికి తగ్గిస్తే డెసిబెల్ లెక్కలో తగ్గేది 3 మాత్రమే. ఆ తేడాను చెవి సరిగా పట్టుకోలేదు. వినేవాడికి "సగమైంది" అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ తగ్గాలి, అంటే శక్తి పదో వంతుకు రావాలి. మన తమ్ముడు నిజంగానే సగం తగ్గించాడు. పెద్దాయన చెవికి అది చేరలేదు.

పైగా పెద్ద శబ్దంలో గంటసేపు కూర్చున్న చెవి తాత్కాలికంగా మొద్దుబారుతుంది. అందుకే మిక్సర్ దగ్గరివారికి రెండో పాటకన్నా ఆరో పాట చిన్నగా వినిపిస్తుంది, చెయ్యి దానంతటదే పైకి జరుపుతుంది. చుట్టూ శబ్దం పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే గుర్తించాడు. డ్రమ్స్ పెరిగితే పాటవారి గొంతు పెరుగుతుంది, దాన్ని మించాలని బోధకుని గొంతు, దానికి తగ్గట్టు మళ్లీ మైకు. లోపల ఉన్నవారెవరికీ ఏదీ మారినట్టు ఉండదు.

పరికరాన్ని బట్టి కూడా బాధ మారుతుంది. మనిషి చెవి అత్యంత చురుగ్గా ఉండేది సుమారు 2,000 నుండి 5,000 హెర్ట్జ్ మధ్య. పసిబిడ్డ ఏడుపు అంతగా గుచ్చుకునేది అందుకే. గుడ్డల పందిరి మీద కట్టే హారన్ మైకు బరువైన నాదాన్ని పలకలేదు, ఈ గుచ్చుకునే నాదాలనే దూరం తోస్తుంది. పెద్ద బాక్సులది వేరే కథ. వాటి బేస్ గోడలోంచి, నేలలోంచి వెళ్తుంది. తలుపులు వేసినా ఆగదు. మన రేకుల షెడ్లు దేన్నీ ఆపవు. పోలీసులు, కాలుష్య నియంత్రణ మండలివారు వాడే మీటర్ల మామూలు లెక్క బేస్‌ను తక్కువ చేసి చూపిస్తుంది గనుక, అంకె చట్టం లోపలే ఉండి కూడా పక్కగదిలోని రోగి గుండె దడదడలాడవచ్చు.

అయితే శబ్దం బాధాకరమా కాదా అన్నది డెసిబెల్స్‌తోనే తేలదు. 2011లో ఓలర్, రాయిటర్ అనే ఇద్దరు పరిశోధకులు నల్లబల్ల మీద గోళ్లు గీకడం వంటి శబ్దాలు కొందరికి వినిపించారు. కొందరితో అది ఏ శబ్దమో చెప్పారు, మరికొందరితో అది ఆధునిక సంగీతంలో భాగమన్నారు. సంగీతమని నమ్మినవారికి అది అంత చెడ్డగా అనిపించలేదు. వారి శరీరం మాత్రం, చర్మం మీద కొలిచినంతవరకు, మిగతావారిలాగే స్పందించింది. మనం స్తుతిగా వినేది పొరుగువానికి రొదగా ఎందుకు వినిపిస్తుందో ఇందులో ఉంది. మనకు ఆ పాట అర్థం తెలుసు, పాడేది మన అమ్మాయి. ఆయనకు తెలిసింది రేపు డ్యూటీ ఉందని.

ఇదే సంగతి తిరగేసి చూస్తే మరో నిజం కనబడుతుంది. ద్వేషం ఉన్నచోట చిన్న శబ్దం కూడా పెద్దదవుతుంది. ఊరేగింపు డీజేను రాత్రంతా భరించినవారే ఆదివారం ఉదయపు గంటసేపు పాటల మీద ఫిర్యాదు చేయడం మన సంఘాలు ఎరుగనిది కాదు. అలాంటి ఫిర్యాదుల వెనక రాజకీయం ఉన్నప్పుడు దాన్ని ఆ పేరుతోనే పిలవాలి. కానీ ప్రతి ఫిర్యాదునూ ఆ గంపలోనే వేయడం మనకు చాలా సులువైపోయింది.

150వ కీర్తనలో తాళాలు లేవా, యెరికోలో కేకలు లేవా అని అడిగేవారున్నారు. ఉన్నాయి. సామెతలు 27:14 కూడా ఉంది. వేకువనే లేచి గొప్ప శబ్దంతో స్నేహితుణ్ణి దీవించేవాని దీవెన శాపంగా లెక్కకు వస్తుందని అక్కడ చెప్పబడింది. గమనించండి, అతడు తిట్టడం లేదు, దీవిస్తున్నాడు! మాట మంచిదే, గంట మంచిది కాదు, గొంతు మంచిది కాదు. దాని విలువ నిర్ణయించేది పలికేవాడు కాదు, పడకమీద ఉన్నవాడు.

2005 జూలై 18న సుప్రీంకోర్టు శబ్ద కాలుష్యం మీద ఇచ్చిన మరో తీర్పు వెనక ఒక పసిదాని కథ ఉంది. ఢిల్లీలో పదమూడేళ్ల బాలిక మీద అత్యాచారం జరుగుతుంటే, ఆమె వేసిన కేకలు పక్కనే మోగుతున్న లౌడ్‌స్పీకరు సంగీతంలో కలిసిపోయాయి. ఎవరూ రాలేదు. ఆ సాయంత్రమే ఆమె ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. 1998లో ఆ వార్త చదివిన ఒక పౌరుని పిటిషన్‌తో ఆ కేసు మొదలైంది. ఆ మైకు ఎవరిదైతేనేం! మన వీధిలో ఎవరి కేక మన స్తోత్రాల కింద మునిగిపోతుందో మనకు వినబడదు.

చట్టం చెప్పేది కష్టమైనదేమీ కాదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. బయట మైకుకు లిఖితపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు బహిరంగ మైకు ఉండకూడదు. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా సడలింపు ఇవ్వవచ్చు, అదీ రాత్రి 12 వరకే. డిసెంబరు 31 రాత్రి కూడికలు పెట్టేవారు ఇది జ్ఞాపకముంచుకోవాలి, మన కొత్త సంవత్సరపు పాట మొదలయ్యేదే 12 దాటాక.

దీనికి మించి చేయదగినది ఒకటుంది. గ్లాస్, సింగర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరిని భరించరాని శబ్దంలో కూర్చోబెట్టి, వారిలో కొందరికి ఒక బటన్ ఇచ్చారు. మరీ కష్టమైతే నొక్కండి, ఆగిపోతుంది, వీలైతే నొక్కకండి అన్నారు. ఇంచుమించు ఎవరూ నొక్కలేదు. శబ్దం అందరికీ ఒకటే. తర్వాత ఇచ్చిన పనిలో మాత్రం బటన్ ఉన్నవారు ఎక్కువ ఓపిక చూపారు, తక్కువ తప్పులు చేశారు. ఆపగలనన్న ధైర్యమే వారి భారాన్ని తగ్గించింది.

మన పొరుగువారికి అలాంటి బటన్ ఇవ్వడం మన చేతిలో ఉంది. ఉజ్జీవ కూటాలకు ముందే పెద్దలిద్దరు చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి, పరీక్షలు రాసే పిల్లలున్నారా, మంచాన పడినవారున్నారా అని అడిగి, ఒక ఫోన్ నంబరు ఇచ్చి రావచ్చు. ఆ నంబరు మిక్సర్ దగ్గర కూర్చునేవారిదై ఉండాలి. పాస్టరుగారిది ఇవ్వకండి, ఆరాధనలో ఆయన ఫోను సైలెంటులో ఉంటుంది.