ర్యామ్ మీద నింద ఎందుకు?



పాత డెస్క్‌టాప్‌ను హోమ్ సర్వర్‌గా మార్చుకుని ఇంటి ఫొటోలు, సినిమాలు దాచుకునేవారిలో చాలామందికి ఒక భయం ఉంది: ర్యామ్ పెంచితే కరెంటు బిల్లు పెరుగుతుందని. అందుకే 8 జీబీతోనే నెట్టుకొస్తారు. ఆ భయం పూర్తిగా అబద్ధం కాదు గానీ, లెక్కకు నిలిచేది కాదు.

ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక బుల్లి కెపాసిటర్‌లో ఛార్జిగా ఉంటుంది. ఆ ఛార్జి కారిపోతూనే ఉంటుంది. మామూలు వేడిలో ప్రతి 64 మిల్లీసెకన్లకు ఒకసారైనా అన్నిటినీ తిరిగి నింపాలి. ఇంటిల్లిపాదీ పడుకున్నా ఈ పని ఆగదు. కాబట్టి కొత్త స్టిక్ పెడితే వాడకం పెరగడం నిజమే.

ఎంత? ధారాళంగా 3 వాట్లు వేసుకున్నా, ఏడాదిలోని 8,760 గంటలకు 26 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలైతే ఏడాదికి 210 రూపాయలు.

అదే పెట్టెలో 3.5 అంగుళాల హార్డ్ డిస్క్ ఏ పనీ లేకుండా తిరుగుతున్నా సాధారణంగా నాలుగైదు వాట్లు లాగుతుంది. నిద్రలోకి పంపితే ఒక వాట్‌కు అటూఇటూ. ఇక్కడే ర్యామ్ ఆదుకుంటుంది. లినక్స్ ఖాళీ ర్యామ్‌ను వృథాగా ఉంచదు, చదివిన ఫైళ్లను అందులో అట్టేపెడుతుంది. అవే ఫొటోలు మళ్లీ అడిగితే డిస్క్‌ను లేపనక్కర్లేదు. ఒక్క డిస్క్ రోజులో ఎక్కువ భాగం నిద్రపోయినా కొత్త స్టిక్ ఖర్చు చాలావరకు తిరిగొచ్చినట్టే. రాయాల్సినవి మాత్రం డిస్క్‌కు చేరక తప్పదు. పగలూ రాత్రీ సీసీ కెమెరా వీడియోలు రాసుకునే సర్వర్‌లో ఈ లాభం ఆశించకూడదు.

ర్యామ్ కొనేటప్పుడు చూడాల్సింది వేరే ఉంది. డీడీఆర్3కి 1.5 వోల్టులు కావాలి, డీడీఆర్4కి 1.2 చాలు. అయితే గేముల కోసం అమ్మే డీడీఆర్4 స్టిక్‌లు చాలావాటిలో బయోస్‌లో వేగం పెంచే ఎక్స్‌ఎంపీ సెట్టింగు ఆన్ చేస్తే వోల్టేజి 1.35కి ఎక్కుతుంది. వోల్టేజి వర్గాన్ని బట్టి వాడకం పెరుగుతుంది కనుక, ఒక్క ఆ మార్పుతోనే పాతిక శాతం దాకా అదనం. ఫైళ్లు అందించే సర్వర్‌కు ఆ వేగంతో పనేముంది?

మీ పత్రికలో కంప్యూటర్ భాగాలను పరిచయం చేసేటప్పుడు ధర, వేగంతో పాటు ఊరికే ఉన్నప్పుడు గోడ ప్లగ్గు దగ్గర మీటరు చూపే వాట్లు కూడా వేయండి. కొత్త స్టిక్ పెట్టకముందొకటి, పెట్టాక ఒకటి.

– ఒక పాఠకుడు, గుంటూరు