సొమ్మొకరిది, సోకొకరిది

అంతర్జాతీయ అభివృద్ధి పరిశోధనలో “సహకారం” అన్నంత తీపి మాట మరొకటి లేదు. ప్రతి ప్రణాళికలోనూ అది ఉంటుంది, ప్రతి నివేదిక ముందుమాటలోనూ ఉంటుంది. అయితే ఎవరు ఎవరికి సహకరిస్తున్నారు? ప్రశ్న వేసేది ఒకరు, జవాబు చెప్పేది మరొకరు, ఆ జవాబు మీద పుస్తకం రాసి పేరు తెచ్చుకునేది మళ్ళీ మొదటివారే అయితే, దాన్ని మన పెద్దలు సహకారం అనలేదు. సొమ్మొకరిది, సోకొకరిది అన్నారు. ఈ మాట కటువుగా ఉందనే మిత్రులు రెండు ఉదాహరణలు చూడాలి. రెండూ తెలుగు నేలవే.

పటాన్‌చెరువులో 1972లో ఇక్రిశాట్ సంస్థ వెలిసింది. ఆ సంస్థ 1975లో మెట్టసేద్యపు ప్రాంతాల్లో ఆరు ఊళ్ళను ఎంచుకుని, ఇంటింటి జమాఖర్చులు రాయించడం మొదలుపెట్టింది. అందులో రెండు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోవి: పరిశోధకులు ఔరేపల్లె అని రాసే ఊరు, డోకూరు. లెక్కలు రాసేవారు ఆ ఊళ్ళలోనే కాపురముండి, జనంతో కలిసిమెలిసి పని చేశారు. అది మెచ్చుకోవలసిన విషయమే. ఆ లెక్కల బలంతోనే 1994లో అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్సెండ్ ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. ఒక ఇంటి పంట పోయినా ఆ ఇంటి తిండి ఖర్చు అదే మేరకు పడిపోదనీ, ఊరి మొత్తం పరిస్థితిని బట్టే ఎక్కువగా నడుస్తుందనీ అందులో తేలింది. చేబదులు ఇచ్చి పుచ్చుకునే ఏ పల్లెటూరి ఇల్లాలికైనా ఇది కొత్త సంగతేమీ కాదు. కొలిచి చూపడం గొప్పే, కాదనను. కాని కొలవవలసింది ఏమిటో ఔరేపల్లెను ఎవరైనా అడిగారా? తేలినదాన్ని తెలుగులో అచ్చువేసి రచ్చబండ దగ్గర చదివి వినిపించే బాధ్యత ఎవరిమీదైనా పెట్టారా?

రెండవది, అడిగితే ఏమవుతుందో చూపే కథ. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెకిన్సీ కంపెనీ సలహాతో “విజన్ 2020” ప్రకటించింది. వ్యవసాయం మీద బతికేవారిని నూటికి 70 నుంచి 40కి తగ్గించడం అందులో ఒక లక్ష్యం. తగ్గిపోయే ఆ 30 మంది ఎక్కడికి పోతారని రైతులనే అడుగుదామని 2001లో జహీరాబాద్ ప్రాంతంలో “ప్రజాతీర్పు” నడిపారు. 19 మంది జ్యూరీ సభ్యుల్లో ఎక్కువమంది స్త్రీలు, చిన్న సన్నకారు రైతులు. వారు నిపుణులను పిలిపించి, ఎదురు ప్రశ్నలు వేసి, తీర్పు చెప్పారు: కూలీల పొట్టకొట్టే యంత్రాలు వద్దు, జన్యుమార్పిడి విత్తనాలు వద్దు, మా విత్తనమూ మా భూసారమూ మా చేతుల్లో ఉండాలి. ఇందులో బ్రిటన్ పరిశోధనా సంస్థలూ పాలు పంచుకున్నాయి. 2002లో నివేదిక వెలువడగానే బ్రిటిష్ సహాయ శాఖ ఆక్షేపణ తెలిపింది. జ్యూరీని ఎంపిక చేసిన పద్ధతి సరైనదేనా అని పెద్ద వివాదం రేగింది. పద్ధతిని విమర్శించే హక్కు అందరికీ ఉంది. కాని కన్సల్టెంటు లెక్కలకు పెట్టని పరీక్ష రైతు మాటకే ఎందుకు పెట్టాలి?

“శాస్త్రానికి ప్రాంతమేమిటి? డబ్బు పెట్టినవాడు ప్రశ్న వేస్తే తప్పేమిటి?” అని కొందరు వాదిస్తారు. రెండు రెళ్ళు ఎక్కడైనా నాలుగే, నిజమే. కాని దేన్ని లెక్కపెట్టాలన్నది లెక్కలో ఉండదు, లెక్కపెట్టేవాడు నిలుచున్న చోటులో ఉంటుంది. 1993లో ఎపెలి హౌఓఫా అనే పసిఫిక్ పండితుడు చెప్పింది ఇదే. ఖండాల నుంచి చూసేవారికి ఇవి సముద్రంలో విసిరేసిన చిన్న దీవులు. ఇక్కడివారికి సముద్రం కూడా తమ ఇల్లే. చూపు మారితే పేదరికం అనే మాటకు అర్థమే మారిపోతుంది.

మనం ఉంటున్న ఈ న్యూజీలాండ్ దేశం ఈ విషయంలో మనకు గురువు. మావోరీ పండితురాలు లిండా తుహివాయ్ స్మిత్ 1999లో రాసిన పుస్తకంలో పరిశోధనకూ వలసపాలనకూ ఉన్న చుట్టరికాన్ని బయటపెట్టి, తమ ప్రశ్నలు తామే వేసుకునే దారి చూపారు. తిమోతె వైయోలేతి 2006లో “తలనోవా”ను, అంటే పసిఫిక్ జనం కూర్చుని మనసు విప్పి మాట్లాడుకునే రీతిని, పరిశోధనా పద్ధతిగా నిలబెట్టారు. మన రచ్చబండకు ఏం తక్కువ? దాన్ని పద్ధతి అని చెప్పడానికి మనం ఎందుకు జంకుతున్నాం?

ఇక మన ఇంటి సంగతి. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవు నుంచి ఫిజీ చెరకు తోటలకు గిర్మిట్ కూలీలు వెళ్ళారు. వారిలో కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల తెలుగువారూ ఉన్నారు. 1987, 2000 సంవత్సరాల కుట్రల తరువాత వారి సంతతిలో చాలామంది ఈ దేశం చేరారు. గిర్మిట్ కూలీ మనుమడైన బ్రిజ్ లాల్ 45,000కు పైగా వలస పత్రాలు తిరగేసి 1983లో కలకత్తా ఓడలవారి చరిత్ర రాశారు. మద్రాసు ఓడలవారి కథ చెప్పగల తెలుగు ముసలివాళ్ళు ఆక్లండ్‌లో మన పక్క వీధిలోనే ఉన్నారు. మనం ఏం చేస్తున్నాం? ఉగాదికి పిలిచి, వారి తెలుగు విని నవ్వుకుంటున్నాం. మనల్ని చూసి దొర చేసిన పనే వారిని చూసి మనం చేస్తున్నాం.

కాబట్టి ఇకమీదట విశ్వవిద్యాలయాల నుంచి ప్రశ్నావళి పట్టుకుని ఎవరు వచ్చినా మన సంఘం నాలుగు షరతులు పెట్టాలి. ప్రశ్నలు తయారుచేసేటప్పుడే మనల్ని కూర్చోబెట్టాలి. ప్రశ్నావళి తెలుగులోనూ ఉండాలి. పని చేసినవారి పేరు పుస్తకంలో ఉండాలి. తేలిన ఫలితం తిరిగి మన సభలో, మన భాషలో చెప్పాలి. ఒప్పుకుంటే కాఫీ ఇచ్చి కూర్చోబెడదాం. ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి పంపిద్దాం.

అయితే అదే నాలుగు షరతులు ఫిజీ తెలుగు పెద్దల ముందు కూర్చునేటప్పుడు మనకూ వర్తిస్తాయి. టేపు రికార్డరు తీసుకుని వెళ్ళేముందు, “అమ్మా, మీ కథలో ఏది నిలవాలని మీ కోరిక?” అని అడగాలి. ఆ అమ్మలూ అయ్యలూ కలకాలం ఉండరు. ఆలస్యం చేస్తే అడగడానికి మనం మిగులుతాం, చెప్పడానికి వారు మిగలరు.