మైకు దించిన తెల్లారి



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్లు అడిగినప్పుడు ముందు ‘విద్యార్థులు - క్రమశిక్షణ’ అని రాద్దామనుకున్నాం. కానీ దాని గురించి ప్రతి సంచికలో ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని మేము తప్పు చేసి నేర్చుకున్న సంగతి ఒకటి రాస్తున్నాం. అది చర్చి యువజన కూడికల సంగతి. చర్చికి రాని తమ్ముళ్లు పేజీ తిప్పేయకండి. మీరు వినాయక మండపం కమిటీలో ఉన్నా, ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి కమిటీలో ఉన్నా ఈ మాట మీకూ పనికొస్తుంది.

మేము ఈ హాస్టల్ అన్నం తిని పెరిగినవాళ్లం. మా ఇండ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనుషులం మేమే. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. నలుగురిలో నిలబడి మాట్లాడే ధైర్యం మాకు కాలేజీ ఇవ్వలేదు, చర్చి ఇచ్చింది. తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం పాస్టరు గారు కాగితం చేతికిచ్చి ప్రకటనలు చదవమన్నారు. కాళ్లు వణికినయ్. ఆ వణుకు తీరినాక పాట ఎత్తుకోవడం, చందా పుస్తకం రాయడం, వందమందికి వంట ఎంత కావాలో లెక్క కట్టడం అన్నీ అక్కడే నేర్చుకున్నాం. కాబట్టి ఇక్కడ రాసేది బయటి వాళ్లు చేసే విమర్శ కాదు. మా ఇంటి మాట.

ఏడాదంతా మాకు పనే. డిసెంబరు 31 రాత్రి ఆరాధన, శ్రమ దినాలు, మట్టల ఆదివారం, శుభ శుక్రవారం ఏడు మాటలు, ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోట, వేసవి సెలవుల్లో పిల్లలకు వి.బి.ఎస్., కోత పండుగ, డిసెంబరు వచ్చిందంటే క్యారల్స్, సెమీ క్రిస్మస్. వీటన్నిటి మీద పెద్దది దసరా సెలవుల్లో జరిగే రెండు రోజుల యువజన సభలు. వాటికి నెల ముందు నుండే నిద్ర ఉండదు. షామియానా ఎవరిది, బాక్సులు ఎవరివి, ఫ్లెక్సీలో ఎవరి ఫొటో ఎంత సైజు, హైదరాబాదు నుండి వచ్చే ప్రసంగీకుడిని బస్టాండు నుండి ఎవరు తీసుకురావాలి, బగార అన్నంలోకి కోడికూరా పప్పా అనే పంచాయితీలు నడుస్తుంటాయి. మైకు పర్మిషన్ కోసం పోలీస్ స్టేషనుకు పోవాలి. రాత్రి 10 దాటితే మైకు పెట్టొద్దని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. అందుకని పది కొట్టేసరికి ప్రసంగం ఆపించే ధైర్యవంతుడొకడు కమిటీలో ఉండాలి!

నాలుగేండ్ల కింద అట్లాంటి సభలు బ్రహ్మాండంగా జరిపినం. చుట్టుపక్కల ఊర్ల నుండి ఆటోల్లో జనం వచ్చారు. ఆ రెండు రోజులు నీళ్ల క్యాన్లు మోసింది, మైకు స్టాండ్లు ఎత్తింది, చివరికి డేగిసాలు తోమింది ఒక తమ్ముడు. పదో తరగతి పిల్లవాడు, మన హాస్టల్ వాడే. పేరు రాయడం లేదు. వందన సమర్పణలో సౌండు ఇచ్చినాయన పేరు చెప్పినం, పూలదండలు తెచ్చినాయన పేరు చెప్పినం. ఆ తమ్ముడి పేరు మాత్రం మరచిపోయినం.

సెమీ క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరి వేషానికి మనిషి తక్కువైతే అప్పుడు వాడు గుర్తొచ్చాడు. ఇంటికి పోతే తాళం. దీపావళి దాటిన వారానికే అమ్మానాయనలతో కలిసి పుణెకు సెంట్రింగ్ పనికి పోయాడట. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నారట. ఫోన్ నంబరు దొరకబట్టి మాట్లాడితే వాడు కోపం చేయలేదు, ఏడవలేదు. ఒక్క మాటన్నాడు. “మీటింగు తారీకు చెప్పనీకి మా ఇంటికి మూడుసార్లొచ్చిండ్రన్నా. నేను పోయేటప్పుడు ఒక్కరు గూడ రాలే.”

ఆ రాత్రి లెక్కల పుస్తకం ముందేసుకొని కూర్చున్నాం. సగం కంటే ఎక్కువ డబ్బు స్టేజికి, సౌండుకు పోయింది. మా యువజన సంఘంలో ఎంతమంది బడి మానేశారో, ఎవరింట్లో అప్పుందో రాసుకున్న కాగితం ఒక్కటి లేదు. రెండు రోజుల సభకు నెల రోజుల ప్లాను వేసిన మనం, మిగతా రోజులకు ఏ ప్లానూ వేయలేదు. అప్పుడు తెలిసొచ్చింది మా తప్పు. యువజన పరిచర్య ఎట్లుందో సభ రోజు చూసి చెప్పలేం. మైకు దించిన తెల్లారి ఎవరు ఎవరింటికి పోయారో చూసి చెప్పాలి.

మన ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు వలస కొత్త కాదు. దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు కూలీల చెమట ఉందని పెద్దలంటారు. నల్గొండ జిల్లాలో దేవరకొండ తండాలదీ అదే గోస. ఊళ్లో పని తగ్గిన కాలంలో మేస్త్రీ గుంపులతో పోతారు. మృగశిర కార్తెకు, వానలు పడే వేళకు తిరిగొస్తారు. అంటే మనం డిసెంబరులో నక్షత్రాలు కట్టే వేళకు ఆ నక్షత్రం చూడాల్సిన మనుషుల్లో చాలామంది ఊర్లో ఉండరు. ఉన్నవాళ్లు పత్తి ఏరి చీకటి పడ్డాక ఇంటికొస్తారు. మన కూడిక ఏమో సాయంత్రం ఆరింటికి పెడతాం. ఏడింటికి వచ్చిన అమ్మాయిని ‘ఆలస్యంగా వచ్చింది’ అంటాం.

యువజన పరిచర్య పుట్టిన చరిత్ర చూస్తే మాకు ఇంకా సిగ్గేసింది. 1844లో లండన్‌లో వై.ఎం.సి.ఎ. మొదలుపెట్టిన జార్జ్ విలియమ్స్ పల్లె నుండి పట్నం పోయిన రైతు కొడుకు. బట్టల దుకాణంలో పనివాడు. తన లాగే ఊరు విడిచి వచ్చి, పొద్దంతా దుకాణాల్లో నలిగిపోయే కుర్రాళ్లను కూడగట్టాడు. అంటే ఆ పని మొదలైందే వలస కూలీ కుర్రాళ్ల కోసం. 1881లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరు క్రిస్టియన్ ఎండీవర్ మొదలుపెట్టాడు. సి.ఇ. కూడిక అని మన పెద్దలు అనేది దాన్నే. యువకులు ఊరికే కూర్చుని వినొద్దు, ఒక్కొక్కరికి ఒక్కో బాధ్యత ఉండాలన్నది దాని పద్ధతి. అందులో కొత్తవాళ్లను, తప్పిపోతున్నవాళ్లను చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక కమిటీ ఉండేది. మా సభల్లో స్టేజి కమిటీ ఉంది, భోజనాల కమిటీ ఉంది. ఆ కమిటీ మాత్రం లేదు.

మన ప్రాంతంలో కూడా అంతే. రష్యా నుండి అబ్రహాం ఫ్రీసెన్ అనే మెన్నోనైట్ మిషనరీ 1890 ప్రాంతంలో నల్గొండకు వచ్చాడు. తర్వాత మెన్నోనైట్ బ్రదరెన్ వాళ్లు మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు పనిచేశారు. సువార్త చెప్పినవాళ్లు చెప్పి ఊరుకోలేదు. బడి పెట్టారు, బోర్డింగు పెట్టారు, జడ్చర్లలో ఆస్పత్రి నడిపారు. ఊరి బడి గడప తొక్కనీయని మన తాతలకు అక్షరం దొరికింది చాలా చోట్ల ఆ బోర్డింగుల్లోనే. వాళ్లను కూడికలకు పిలిచిన మనుషులే పలక కూడా చేతికిచ్చారు.

ఈ మాటలు కమిటీలో పెడితే పెద్దలు రెండు అభ్యంతరాలు చెప్పారు. మొదటిది, పెద్ద సభలు లేకపోతే యువకులు చర్చికి రారు అని. ఇందులో నిజముంది. మా వాడలో స్టేజి వెలిగిన రాత్రి మా అమ్మ పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంటుంది. ఏడాదంతా ఒకరి చేనుకు పోయేవాళ్లు ఆ ఒక్క రాత్రి తమ వాకిట్లో నలుగురికి అన్నం పెడతారు. అది చిన్న విషయం కాదు. సభలు మానేయమని మేము అనడం లేదు.

రెండోది, మనది ఆత్మీయ పని, ట్యూషన్ సెంటరు కాదు అని. దీనికి మా జవాబు మా ఊరి కురుమ తాత. సాయంత్రం మందను దొడ్డికి తోలేటప్పుడు కట్టె అడ్డం పెట్టి ఒక్కొక్కదాన్ని లెక్కపెడతాడు. ఒకటి తక్కువైతే అన్నం ముట్టడు, వెతకడానికి పోతాడు. తొంభై తొమ్మిదిని విడిచి ఒక్కదాన్ని వెతికిన కాపరి మీద మేము ఎన్నో ప్రసంగాలు విన్నాం, నాటకాలు కూడా వేసినం. ఆ నాటకంలో కాపరి వేషం వేయాల్సిన పిల్లవాడే తప్పిపోతే లెక్క చూసుకోలేదు. ఇంతకంటే ఆత్మీయమైన పని ఏముంటుంది?

అందుకని రెండేండ్ల నుండి పద్ధతి మార్చినం. మొదట తారీకు. ప్రసంగీకుడు ఎప్పుడు ఖాళీగా ఉన్నాడని అడగడం మానేసి, మూడు క్యాలెండర్లు ముందు పెట్టుకుంటున్నాం. పరీక్షలవి, నాట్లు-పత్తి పనులవి, వలస పోయి వచ్చేవాళ్లవి. పెద్ద సభ ఇప్పుడు జూన్‌లో పెడుతున్నాం, పుణె, ముంబయి పోయినవాళ్లు తిరిగొచ్చినాక. ఫ్లెక్సీ తడుస్తుంది, ఏం కాదు.

రెండోది రాని వాళ్ల పుస్తకం. వచ్చినవాళ్ల హాజరు అందరూ వేస్తారు. మేము రెండు ఆదివారాలు రాని వాళ్ల పేరు రాసి, పక్కన వాళ్లింటికి పోవాల్సిన మనిషి పేరు రాస్తున్నాం. మూడోది డబ్బు. చందా రాగానే ముందు పరీక్ష ఫీజులకు, సాయంత్రం చదువుకు ఇంత అని తీసి పక్కన పెట్టి, మిగిలినదాంట్లోనే సౌండు మాట్లాడుతున్నాం. బాక్సులు నాలుగు తగ్గినయ్, పాట తగ్గలేదు. నాలుగోది ఆడపిల్లలు. ముగ్గులకు, కోరస్‌కు మాత్రమే వాళ్లను పిలిచేవాళ్లం. ఇప్పుడు లెక్కల పుస్తకం ఒక చెల్లె చేతిలో ఉంది. సభ అయిన మొదటి ఆదివారమే అందరి ముందు చదువుతుంది. ఇరవై రూపాయల తేడా వచ్చినా మమ్మల్ని నిలబెట్టి అడుగుతుంది. అయిదోది కూర్చునే చోటు. మా నల్గొండ వైపు మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్లకు నడుములు వంగిన పెద్దలున్నారు. మూడు గంటలు పట్టా మీద కూర్చోమంటే వాళ్లు ఎట్లా వస్తారు? ముందు వరుస కుర్చీలు ఇప్పుడు అతిథులకు కాదు, వాళ్లకే.

ఆరోది ఫారాల గంట. నెలకొక ఆదివారం ఆరాధన అయినాక స్కాలర్‌షిప్ దరఖాస్తులు, కుల, ఆదాయ ధ్రువపత్రాల పని చూస్తున్నాం. ఇది మనవాళ్లకు చాలా అవసరం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీల నుండి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు మన దగ్గర బీసీ-సి కిందికి వస్తారు, వాటా 1 శాతం. దీని మీద 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ కూడా వేసింది. ఏది న్యాయమో వాదించుకుందాం, కొట్లాడుదాం. కానీ పదో తరగతి పిల్లవాడు ఏ కాగితం ఎక్కడ తెచ్చుకోవాలో తెలియక సీటు పోగొట్టుకుంటుంటే పక్కన కూర్చుని పాటలు పాడటం మాత్రం న్యాయం కాదు.

ఆ తమ్ముడు మే నెలలో తిరిగొచ్చాడు. ఈసారి ముగ్గురం పోయినం వాళ్లింటికి. వాళ్ల నాయనతో మాట్లాడి ఓపెన్ స్కూల్లో పదికి కట్టించినం. పాసయ్యాడని రాయాలని మాకూ ఉంది. లెక్కల్లో పోయింది. మళ్లీ కట్టినం. సాయంత్రాలు చర్చి వరండాలో కూర్చుని చదువుతున్నాడు. వాడి పక్కన ఇప్పుడు ఇంకో నలుగురు కూర్చుంటున్నారు. అందులో ఇద్దరు చర్చి పిల్లలు కాదు. మేము అడగలేదు కూడా.

తమ్ముళ్లారా! ఈ వార్షికోత్సవం మీది. స్టేజి బాగా కట్టండి, డ్యాన్సులు బాగా చేయండి, వచ్చిన పెద్దలకు శాలువాలు కప్పండి. వందన సమర్పణలో డేగిసాలు తోమిన వాళ్ల పేర్లు మాత్రం మరవకండి. తెల్లారి షామియానా విప్పినాక ఒక్కసారి గదులన్నీ తిరగండి. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయి ఇంకా రాని తమ్ముడి ట్రంకు పెట్టె ఏ మూలనో ఉంటుంది. దాని మీద రాసిన పేరు చదవండి. ఆ పేరు గల మనిషి ఏ ఊర్లో ఉన్నాడో కనుక్కోండి. వీలైతే ఇద్దరు బస్సెక్కి పోయి రండి.

వార్షికోత్సవం ఎట్లా జరిగిందని అప్పుడు మమ్మల్ని అడగండి, చెబుతాం.