జోస్యం వేరు, అంచనా వేరు

ఆంగ్లంలో 'ప్రెడిక్ట్' అనే క్రియ ఉన్నది. లాటిన్ మూలాన్ని బట్టి దాని అర్థం 'ముందుగా చెప్పుట' మాత్రమే. చెప్పినవారు దేనిని ఆధారం చేసుకొని చెప్పారో ఆ పదం తెలుపదు. రేపటి వానకూ, రాబోయే గ్రహణానికీ, చిలుక తీసిన చీటీకీ ఆ ఒక్క మాటే చాలు. మన ఇళ్లలో ఇప్పుడు 'ప్రెడిక్ట్ చేయడం' స్థిరపడిపోయింది. తెలుగులో సరియైన మాట లేదు గనుక తప్పదని కొందరి వాదం. ఆ వాదాన్ని నేను అంగీకరించను.

బస్సుకు మనకు మాట లేదు, తెచ్చుకున్నాము. అందులో తప్పు లేదు. ఇక్కడ ఉన్నది మాటల కొరత కాదు, సమృద్ధి. గ్రహణ కాలాన్ని పంచాంగకర్త గణిస్తాడు. జ్యోతిష్కుడు చెప్పేది జోస్యం. ఎరుకలసాని చెప్పేది సోది. పిల్లి ఎదురైతే శకునం. మబ్బునూ గాలినీ కొలిచి వాతావరణ శాఖ చెప్పేది అంచనా. ఉగాదినాడు గుడిలో వినే పంచాంగంలో సైతం తిథులూ గ్రహణాలూ గణితం. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు ఫలం. తెలిసినదానికీ, నమ్మినదానికీ, ఊహించినదానికీ మన పెద్దలు వేరువేరు పేర్లు పెట్టారు. సాయంకాలపు తరగతిలో పిల్లలు 'వాతావరణ జోస్యం' అని రాసినప్పుడు నేను ఎర్రసిరాతో దిద్దేది ఇందుకే.

ఇది పదాల పట్టింపు మాత్రమే కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుండి 'ట్రూరో' ఓడ డర్బన్ చేరింది. అలా చెరకు తోటలకు వచ్చిన కూలీలతోపాటు తెలుగూ ఈ దేశానికి వచ్చింది. ఆ భాష ఇక్కడ నిలువదని 'ప్రెడిక్ట్ చేశారట' అని నేడు మన పెద్దలే నిట్టూరుస్తున్నారు. ఎవరు చెప్పారు, దేనిని బట్టి చెప్పారు అని అడుగరు. ఆ మాటను జోస్యంగా విని తలవంచుతారు.

అది జోస్యం కాదు, గణితమూ కాదు. అది అంచనా. ప్రతి అంచనా వెనుక ఒక షరతు ఉంటుంది: ఇప్పటి తీరు ఇలాగే సాగితే. ఇంట్లో తెలుగు వినబడకపోతే భాష పోతుందన్నది నిజమే. వినబడితే ఆ అంచనా తప్పుతుంది.

తల్లిదండ్రులారా, గ్రహణాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఈ రాత్రి భోజనాల వేళ బిడ్డతో తెలుగులో మాట్లాడడం మీ తరమే.