సంతకం పెట్టి, పక్కన పెట్టి

1868 ఫిబ్రవరిలో అమెరికా యుద్ధశాఖ మంత్రి ఎడ్విన్ స్టాంటన్ తన ఆఫీసులోనే తలుపేసుకుని మకాం పెట్టేశారు. అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆయన్ను పదవిలోంచి తీసేశారు మరి. సెనేట్ ఒప్పుకోనిదే అలా తీసేయకూడదని కాంగ్రెస్ అంతకు ముందు ఏడాదే, జాన్సన్ వీటోను కూడా తోసిరాజని, చట్టం చేసింది. మే నెలాఖరు దాకా స్టాంటన్ కదల్లేదు. అభిశంసనకు గురైన జాన్సన్ సెనేట్‌లో ఒక్క ఓటు తేడాతో గట్టెక్కారు. తీరా 1926లో సుప్రీంకోర్టు ఆ చట్టమే చెల్లదని తేల్చింది!

మరైతే జాన్సన్‌దే ఒప్పా? అధ్యక్షుడి ప్రమాణం రాజ్యాంగం మీద. చెల్లని చట్టానికి తలొగ్గితే ఆ ప్రమాణం ఏం కాను? పైగా ఎవరో ఒకరు కాదంటేనే కదా వ్యవహారం కోర్టు గడప తొక్కేది. కానీ చట్టాలు సక్రమంగా అమలయ్యేలా చూడమన్నదీ ఆ రాజ్యాంగమే. నచ్చకపోతే వీటో చేతిలోనే ఉంది.

2002లో ఇంకో చట్టం వచ్చింది. జెరూసలేంలో పుట్టిన అమెరికన్ కోరితే పాస్‌పోర్టులో జన్మస్థలం దగ్గర 'ఇజ్రాయెల్' అని రాయాలి. అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ సంతకం పెడుతూనే, దీన్ని సలహాగానే తీసుకుంటానని ఓ ప్రకటన తగిలించారు. అక్కడ పుట్టిన ఒక పసివాడి తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 2015లో సుప్రీంకోర్టు అధ్యక్షుడి వైపే మొగ్గింది. బుష్ చేసినదాన్ని తప్పుపట్టలేను. పాస్‌పోర్టు ఎదురుగా ఉంది, అడిగేవాళ్లున్నారు, తేల్చేవాళ్లున్నారు.

2005లో ఖైదీలపై క్రూరత్వాన్ని నిషేధించే సవరణకు సెనేట్‌లో 90 మంది ఓటేశారు, కాదన్నది 9 మందే. బుష్ మళ్లీ సంతకం, మళ్లీ ప్రకటన: సర్వసేనాధిపతిగా తన అధికారాలకు లోబడే అమలు చేస్తారట. గోడల వెనక ఆ చట్టాన్ని పక్కన పెడితే అడిగేదెవరు? నాకు మింగుడుపడనిది ఇదే.

టిక్‌టాక్ సంగతి మరీ విడ్డూరం. చైనా యజమాని అమ్మకపోతే ఆ యాప్‌ను నిషేధించే చట్టం చెల్లుతుందని 2025 జనవరి 17న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. మూడు రోజులకే ట్రంప్, 75 రోజులు దాన్ని అమలు చేయొద్దని న్యాయశాఖను ఆదేశించారు. చట్టం రాజ్యాంగ విరుద్ధమన్న సాకు కూడా లేదు. ఆపిల్, గూగుల్ ఫిబ్రవరిలో గానీ ఆ యాప్‌ను తిరిగి స్టోర్లలో పెట్టలేదు. చట్టంలో మాత్రం అలాంటి కంపెనీలకు ఒక్కో వినియోగదారుడి లెక్కన 5,000 డాలర్ల దాకా జరిమానా అలాగే ఉంది.